కిలోకి ఎంత

రేణిగుంట రోడ్డు వెనక సందులో మా ల్యాబు.
బోర్డు మీద పేరు రాశారు గానీ
లోపల చేసే పని రాయలేదు.

ఆదివారం రాత్రి చెంగల్రాయుడు
ఒక గిన్నెలోంచి మేత తీసేస్తాడు.
నీళ్ల సీసా మాత్రం ఉంచుతాడు.
"పెరటాసి ఒక్కపొద్దు మాదిరి" అంటాడు.
ఆ రాత్రి తానూ సంగటి ముట్టడు.
ఎందుకంటే చెప్పడు.

బొచ్చు మీద పిక్రిక్ ఆమ్లం పసుపు:
ఒకదానికి తల మీద, ఒకదానికి వీపున,
ఒకదానికి తోక మొదట్లో.
పేర్లు పెట్టకూడదని మాకెవరూ చెప్పలేదు.
పెట్టలేదు.

అన్నీ ఆడవే. పిల్లల్ని కననివి.
రూలు పుస్తకంలో ఉంది,
ఆడవాటికి కాస్త ముందే తగులుతుందని.
మొదటిసారి చదివినప్పుడు
పెన్సిలుతో కింద గీత గీసుకున్నాను,
పరీక్షకు వస్తుందని.

సోమవారం, తొమ్మిదిన్నర.
తూకం నూట ఎనభై రెండు గ్రాములు.
సూది కొసన గుండ్రటి పూస, గొంతు గీరకుండా.
పెదవి పక్కనుంచి, నాలుక మీదుగా, లోపలికి.
నా బొటనవేలు తోసింది
రెండు మిల్లీలీటర్లు కూడా ఉండదు.

ఆ తర్వాత చూడటమే ఉద్యోగం.
వెంట్రుకలు నిక్కాయా, చొంగ కారుతోందా,
వణుకుందా, మూలకు పోయి ముడుచుకుందా.
అరగంటకు. నాలుగు గంటలకు. మర్నాటికి.
పద్నాలుగు రోజుల దాకా గళ్ల కాగితం.

మా పెద్దసారు కాలంలో
ఒకే పొద్దున యాభైకి పోసేవాళ్లట,
సరిగ్గా సగం పోయే చోటు దొరికేదాకా.
ఇప్పుడు ఒక్కదానికి పోసి నలభై ఎనిమిది గంటలు ఆగుతాం.
బతికితే, తర్వాతదానికి మూడింతలకు కాస్త పైన.
పోతే, అంతే లెక్కన కిందికి.
కరెంటు పోయిన మేడ మీద
మెట్టు కోసం కాలు తడుముకున్నట్టు.
పోయింది, బతికింది, పోయింది, బతికింది.
వాటి మధ్య ఎక్కడో ఉంటుంది అంకె,
కాస్త అటు, కాస్త ఇటు.

బెంగళూరు నుంచి వచ్చిన కుర్రాడు
అసలు ఎలుకే వద్దంటాడు.
వాడి కంప్యూటరు అణువు బొమ్మ చూసి చెప్పేస్తుంది,
ముక్కు చూసి ఎవరి బిడ్డో పోల్చే
మా అవ్వ మాదిరి.
అవ్వ కూడా అప్పుడప్పుడు తప్పేది.

ఆ అంకె చివరికి రంగవుతుంది.
ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ.
మందు డబ్బా మీద త్రికోణం.

వి.కోట పక్కన టమోటా తోటలో
మా అమ్మ రెడ్డెమ్మకు అక్షరాలు రావు, రంగులు వచ్చు.
పసుపైతే మొగానికి గుడ్డ కడుతుంది.
నీలమైతే కొంగు చాలంటుంది.
ఆకుపచ్చయితే వట్టి చేత్తో కలిపేస్తుంది.

మంగళవారం రాత్రి ఫోను.
"ఏంమే, అది నీలమని మీకెట్ల తెలస్తాది?"
"లెక్క కడతామమ్మా. కిలోకి ఇంత అని."
"టమోటాలకా?"
"మనిషి బరువుకు."
కాసేపు ఏమీ మాట్లాడలేదు. తోటలో మోటారు చప్పుడు.
"మొన్న మండీలో కాటా ఎక్కినాలే, ఊరికే.
నలభై మూడు."

హెచ్చవేత నాకు నోటికే వచ్చు.
చెయ్యలేదు.
మా గళ్ల కాగితంలో ఉన్నది నోరొక్కటే.
అదీ ఒక్కసారికే.
చేతి పగుళ్లకు గడి లేదు, పీల్చిన గాలికి లేదు,
ఇరవై ఏళ్లుగా వారానికో స్ప్రేకి
కాగితమే లేదు.
"నీలానికి కూడా గుడ్డ కట్టుకో" అన్నాను.
"ఉడకేస్తాది పాపా" అంది.

బుధవారం తలుపు తీసేసరికి
చెంగల్రాయుడు పంజరం ముందు గొంతుక్కూచుని ఉన్నాడు.
"లేచింది మేడమ్. నీళ్లు తాగతాంది, సూడండి."
తల మీద పసుపుది. మీసాలు కదులుతున్నాయి.
రిజిస్టరులో "బతికింది" అని రాసి సంతకం పెట్టాను.
అతను నవ్వుతూ దాని గిన్నె నింపుతున్నాడు,
నిన్న రాత్రి ఖాళీ చేసిన ఇంకో గిన్నెను చూడకుండా.

బతికింది కాబట్టి,
వీపున పసుపున్నదాన్ని ఎత్తి
కాటా మీద పెట్టాను.