పంపవచ్చును

"ఇయ్యాల వాన పడ్తదా మేడం?"
బేగంపేట గేటు దగ్గర మొయిజ్ భాయ్ రోజూ అడుగుతాడు,
చిల్లర వెతుకుతూ.
ఆ ప్రశ్న కింది అంతస్తుది.
నాది మెట్ల పక్క గది.
నా బల్ల మీద మేఘాలుండవు.
ఒప్పందాల ఫైళ్ళు, రెండు గడియారాలు,
పన్నెండు దేశాల పండగ సెలవుల జాబితా,
మూత పోయిన జిగురు సీసా.

తలుపు మీద 'అంతర్జాతీయ సహకార సలహాదారు' అని ఉంటుంది.
మా అత్త దాన్నెప్పుడూ చివరిదాకా చదవలేదు.
"మబ్బుల ఆఫీసుల ఉత్తరాలు రాస్తది" అని చెప్తుంది చుట్టాలకి.
అందులో తప్పేం లేదు.

తెల్లారకముందే డాబా మీద బాలమల్లు బెలూన్ వదులుతాడు.
అదే ఘడియకి
ఎక్కడో మిట్టమధ్యాహ్నంలో, ఎక్కడో నడిరాత్రిలో
ఒకరి మొహం ఒకరు చూడని మనుషులు
చరఖా లేని పతంగులు ఎగరేస్తారు.
తెగిపోవడానికే ఎగరేస్తారు.
పోతూ పోతూ అది చెప్పే నాలుగంకెల కోసం.

ఆ అంకెలు ఎవరివి?
పోయినేడు ఒక సమావేశంలో
దీని మీదే నాలుగు గంటలు కూర్చున్నాం.
'పంపవలెను' అని మేం.
'పంపవచ్చును' అని వాళ్ళు.
నేను మోసుకెళ్ళిన ఉస్మానియా బిస్కెట్లు అరిగాయి,
మాట అరగలేదు.
'పంపవచ్చును' దగ్గరే సంతకం పెట్టాను.
నా పేరు కింద ఆ 'వచ్చు' ఇంకా ఉంది.

మృగశిర వచ్చింది, నాంపల్లిలో చేపల రేటు పెరిగింది,
వాన రాలేదు.
కింది అంతస్తు నుంచి వైదేహి పటం పట్టుకొచ్చింది.
భూమధ్యరేఖకు అవతల, మన గాలి బయల్దేరే దారిలో
ఒక దీవి మీద చుక్క ఖాళీ.
పదకొండు రోజులుగా.
"మీవాళ్ళు మాట్లాడట్లేదు మేడం."

మావాళ్ళు!
ఒప్పందం ప్రకారం వాళ్ళ తప్పేమీ లేదు.
పంపవచ్చును. పంపకపోవచ్చును.

ఫోన్ చేశాను.
అబ్దు సలామా. అతని ఇంగ్లిషూ నా ఫ్రెంచీ రెండూ కుంటివే,
ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసి నడిచాయి.
గ్యాస్ తెచ్చే ఓడ రాలేదట.
బెలూన్లు పెట్టెలోనే ఒకదానికొకటి అతుక్కుపోయాయట.
వానకొలత గాజు పగిలితే
టమాటా డబ్బా ముంగిట్లో పెట్టి
కూతురి స్కూలు స్కేలుతో కొలుస్తున్నాడట,
రోజూ, వేళ తప్పకుండా.
మరి పంపలేదేం?

"ఎవరూ అడగలేదు."

కరెంటు బిల్లు వెనక రాసుకున్నాను.
పద్నాలుగు. సున్నా. అరవై రెండు. మళ్ళీ సున్నా...
పదకొండు అంకెలు, మధ్యలో ఒక కోడికూత.
ఈ కాగితం ఏ ఫైల్లో పెట్టాలో
ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఎవరూ నేర్పలేదు.

మా స్టోర్ నుంచి రెండు పెట్టెల బెలూన్లు పంపడానికి
నాలుగు శాఖల సంతకాలు, నలభై రోజులు.
ఉత్తర చూసి ఎత్తర గంప అంటారు కదా,
మా ఫైలు ఉత్తర కార్తె దాకా ఆగకపోవడమే నా ఘనత.
చుక్క తిరిగి వెలిగింది.
దానివల్ల ఇక్కడ వాన ముందు తెలిసిందా?
ఏమో. అది నిరూపించే పటం ఎవరూ గీయరు.

అతను మాత్రం సాయంత్రాలు ఫోన్ చేస్తున్నాడు.
వాళ్ళ భాషలో వానని 'వూవా' అంటారట.
నిన్న అడిగాడు,
"ఇక్కడ ముప్పై ఒకటి. మీ దగ్గరెంత?"

బయట బేగంపేట నాలా పొంగి
మొయిజ్ ఆటో సగం చక్రం దాకా మునిగి ఉంది.
"మీ ఆఫీసోళ్ళు చెప్పనేలేదు మేడం" అని అరుస్తున్నాడు.
మీ దగ్గరెంత.
ఇన్నేళ్ళలో నేనెప్పుడూ వాన కొలవలేదు.

"ఒక్క నిమిషం ఆగు సలామా" అన్నాను,
క్యాంటీన్ వైపు పరిగెత్తాను,
నిలువు గోడల డబ్బా ఏదన్నా దొరుకుతుందేమోనని.