గీతా, తాడూ

న్యూకాసిల్ రేవులో యూనియన్ ఆఫీసు.
కిటికీకి బొగ్గు మసి, ఫ్యానుకి గురక.
మెర్వ్ టల్లక్ తెచ్చిన ఉత్తరం నా బల్ల మీద.
ముప్పయ్యొక్కేళ్ళూ 'టో ద లైన్' అన్నట్టే పనిచేశాడట,
ఈ హెచ్చరిక కాగితం తనకు తగదట.

నా పెన్సిలు ఆగింది.
గీత మీద కాలివేలు ఆనించి నిలబడే టో కాదు అతను రాసింది,
తాడు కట్టి ఈడ్చే టో.
మాట మధ్యలో ఒక డబ్ల్యూ
పిలవని పేరంటానికి వచ్చి
పీట వాల్చుకుని కూచుంది.

తెలుగులో రాస్తే ఈ తంటా లేదు,
కాలివేలూ టోనే, ఈడ్చడమూ టోనే,
చెవికి ఏది వినబడితే చేతికి అదే,
అనబోయి నాలిక కరుచుకున్నాను.
అర్థం రాయమంటే అర్ధం రాసి
కడుపులో చుక్క మింగేసినందుకు
హాజరుపట్టీ అట్టతో నెత్తిన మొట్టిన సుభద్రమ్మ టీచరు:
"సగమే మిగిల్చావు కదే పిల్లా!"

"మెర్వ్, ఈ డబ్ల్యూ తీసెయ్యాలి."
ఇంగ్లీషు అతనికి తల్లిపాలతో వచ్చింది,
నాకు బెంచీ ఎక్కి నిలబడితే వచ్చింది.
చెబుతుంటే నా గొంతు
అరువు తెచ్చుకున్న చీరలా జారుతోంది.

అతను నవ్వలేదు.
"వీధంత పొడుగు బొగ్గు ఓడల్ని
నాబీస్ దీపస్తంభం పక్కనుంచి, గాలివానలో,
ఈడ్చుకెళ్ళాను కదా. అదే రాశాను."
వంగి బూటు విప్పాడు. మేజోడు విప్పాడు.
ఎడమకాలికి బొటనవేలు లేదు, దాని పక్కదీ లేదు.
తొంభై ఏడులో తాడు తెగి కొట్టిన దెబ్బ.
"ఏ వేలు ఆనించమంటావు, నీ గీత మీద?"

నేను నేర్చిన వ్యాకరణంలో
ఈ ప్రశ్న లేదు.
టగ్గు మీద తాడుని కూడా లైన్ అనే అంటారని
అప్పుడు చెప్పాడు, మేజోడు ఎక్కించుకుంటూ.

చివరికి రెండు వాక్యాలు టైపు చేశాం.
మేనేజరుకి అర్థమయ్యేది ఒకటి, డబ్ల్యూ లేకుండా:
గీసిన గీత ఎన్నడూ దాటలేదు.
మెర్వ్ కోసం ఇంకోటి, డబ్ల్యూతో:
తాళ్ళూ లాగాను, అనుమానముంటే లాగ్‌బుక్కు చూసుకోండి.
సంతకం పెట్టి
లేసు కట్టుకోకుండానే వెళ్ళిపోయాడు.

సాయంత్రం స్టాక్‌టన్ ఫెర్రీ.
రేవు అంచున పసుపు గీత, వెనకే ఆగమని బోర్డు.
పద్నాలుగేళ్ళుగా వెనకే ఆగుతున్నాను.
ఎందుకో ఇవాళ వంగి చూసుకున్నాను.
చెప్పులోంచి బొటనవేలు
సగం గీత మీద,
సగం అవతల.

పడవలోంచి ఎవరో తాడు విసిరారు.