పది నిమిషాలు

కంపాలాలో చినుకు రాలగానే
బోడా బళ్ళన్నీ పెట్రోల్ బంకు రేకుల కిందికి దూరాయి.
కొత్త కుర్రాడు ఒకెల్లో మాత్రం
ఇంకా కిక్ కొడుతున్నాడు.

"ఆగరా," అన్నాడు కిగోజి, పల్లీలు ఒలుస్తూ.
"తొలి పది నిమిషాలు అది రోడ్డు కాదు,
నూనె మూకుడు.
ఆ డీజిలూ దుమ్మూ కొట్టుకుపోనీ.

గుంతను చూడకు, చూశావా, బండి అటే పోతుంది.
పక్కన మిగిలిన జానెడు దారి చూడు.
గొలుసు నొక్కితే
రెండు వేళ్ళ మందం ఊగాలి.
మరీ బిగిస్తే తెగుతుంది.
పెళ్ళాం సంగతి కాదురోయ్, గొలుసు సంగతే!"

రేకుల మీద వాన కన్నా గట్టిగా నవ్వారు.

ఒకెల్లో ఇంజను ఆపాడు.
"మరి నీ మోకాలికి ఆ కుట్లేమిటి?"

కిగోజి అతని దోసిట్లో
గుప్పెడు గింజలు పోశాడు.
"ఆ రోజు నాకెవరూ పల్లీలు పెట్టలేదు."