కాశీబుగ్గలో మీడియం సైజు

బస్టాండు వెనక కూర్మారావు కొట్టు.
ఒకప్పుడు బన్నులు కాల్చిన ఇటుక పొయ్యిలోనే
ఇప్పుడు పిజ్జా.

నాకు అంచు కాస్త మాడాలి,
అడుగు అప్పడంలా విరగాలి.
విశాఖలో తిన్నది దిండంత మెత్తన,
నిద్రొచ్చింది.

మొన్న పక్క బల్ల దగ్గర ఢిల్లేశ్వరి,
జీడి ఫ్యాక్టరీ షిఫ్టు దిగి వచ్చింది.
సొనకి నల్లబడ్డ వేళ్లతో
చీజు తీగ సాగుతుంటే తెంపకుండా
ముందు పైనున్న పప్పు ఏరి చూసింది.

"ఏటి కూర్మీ,
గుండుపప్పు రేటు సెప్పి
బద్దలెడతన్నావేటి?"

కూర్మారావుకి పొయ్యిలో
ఏదో పని గుర్తొచ్చింది.

ఆమె నవ్వి, ఆ బద్దని
వేలికొస మీద కాసేపు నిలిపింది,
పొద్దున తను ఒలిచిందేనేమో అన్నట్టు.
తర్వాత నోట్లో వేసుకుంది.

నా ముక్క చల్లారిపోయింది.
అయినా
పప్పులన్నీ తిరగేసి చూశాను.