విరామం, ఇరవై నిమిషాలు

మధ్యాహ్నం పన్నెండు. కిటికీ బయట కటిక చీకటి.
బోట్స్‌ఫ్యోర్‌లో డిసెంబరంతా ఇంతే,
సూర్యుడు సెలవు మీద ఉంటాడు.
చేప వాసన తొడుగులు విప్పి
కాఫీ కప్పులకు వేళ్లు చుట్టి కూర్చున్నాం.

"ఏ దేశమైనా సరే అంటే, ఎక్కడుంటావ్?"
ఎవరు మొదలెట్టారో గుర్తు లేదు.

"మా లిథువేనియాలోనే. ఇక్కడి జీతంతో,"
అంది యూరాటే, నోట్లో రొట్టెతోనే.

యోగరాసా తొందరపడలేదు.
పచ్చిమిరపకాయ తొడిమ గిల్లి పక్కన పెట్టి
"చలి లేని దేశం" అన్నాడు. మళ్లీ, "కాదు కాదు,
రాత్రి తలుపు చప్పుడైతే
పక్కింటావిడ ఉప్పుకొచ్చిందనుకునే దేశం."
ఇక్కడ అనుకుంటున్నావుగా?
"ఇరవై ఆరేళ్లు పట్టింది. ఇప్పుడిప్పుడే."

"బస్సు టైముకొచ్చేది" అంది హిరుత్.
పగలబడి నవ్వాం. తను నవ్వలేదు.
ఇసుకలో మూడు రోజులు
ఒక్క లారీ కోసం కూర్చున్న సంగతి
నాకు తెలిసింది వేసవిలో.

టోర్‌లైఫ్‌ని ఎవరూ అడగలేదు.
ఈ ఊళ్లోనే పుట్టాడు,
రెండిళ్ల అవతలి పిల్లని చేసుకున్నాడు,
ముప్ఫయ్యేళ్లుగా పెట్టెల మీద చీటీలంటిస్తున్నాడు.
అతనికేం, దేశముంది.

కాఫీ మడ్డిలోకి చూస్తూ
"అవైరూ" అన్నాడు.
అదెక్కడ?
"పోర్చుగల్. మన చేపలన్నీ అక్కడికే పోతాయి.
ఎండ కాస్తుందట,
గోడలకి కూడా."

గంట మోగింది.
ఆ పూట అతనంటించిన చీటీలన్నీ
కాస్త వంకర.