చివరి అంకె

షాపు ముందు బోర్డు రాసిన పెయింటరు
రెండు పూటలు భోంచేశాడు, ఓ టీ ఎక్కువ తాగాడు.
ఇరవై రెండేళ్లయింది, అక్షరాలు చెక్కుచెదరలేదు:
మజ్జిగౌరమ్మ మోటార్ రీవైండింగ్, రాయగడ.
తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి.
వెబ్‌సైటూ అలాంటిదే అనుకున్నాను,
ఒక్కసారి రాయిస్తే గోడ ఉన్నంతకాలం ఉంటుందని.

ఏడు వేలు తీసుకున్నాడు కంప్యూటర్ సెంటరు నిరంజన్.
నా షాపు ఫోటో వద్దన్నాడు, నల్లగా ఉందన్నాడు.
నిజమే. వార్నిష్ పొగ పట్టిన గోడ,
గేజీల వారీగా వేలాడే రాగి తీగ చుట్టలు,
పొట్ట చీల్చుకుని పడున్న మూడు హార్స్‌పవర్ మోటారు.
వాటి బదులు ఓ అద్దాల మేడ పెట్టాడు.
టైలు కట్టుకున్న నలుగురు దేన్నో చూసి నవ్వుతున్నారు.
అందులో ఒక్కడికీ స్లాటులో పేపరు దూర్చడం రాదని
ఆ చేతులు చూస్తేనే తెలుస్తుంది.
అయినా మురిసిపోయాను.
అక్షరాలు అటునుంచి ఇటు పరిగెడుతుంటే
మా తోడల్లుణ్ణి పిలిచి మరీ చూపించాను.

కింద ఓ లెక్క ఉండేది, ఎంతమంది వచ్చి చూశారో.
మొదటి నెల నాలుగు వందల పన్నెండు.
అమ్మోరికి కొబ్బరికాయ కొట్టాను.
"నాన్నా, నువ్వు తెరిచినప్పుడల్లా ఒకటి పెరుగుతుంది"
అంది మా సుహాసిని.
రాత్రి పడుకోబోతూ, పొద్దున్న పళ్లైనా తోముకోకుండా,
నా గుమ్మంలోకి నేనే నాలుగు వందల సార్లు వచ్చి
బేరం చెయ్యకుండా వెళ్లిపోయానన్నమాట.

అప్పట్నుంచి తిట్టడం మొదలెట్టాను.
ఇదంతా వైజాగులో పెద్దోళ్లకి గాని మనకి కాదన్నాను.
మోటారు కాలినోడు దాన్ని భుజానేసుకుని బస్సెక్కుతాడు,
ఫోనులో వెతుక్కుంటూ కూచుంటాడా అన్నాను.
రెండేళ్లు అన్నాను.

మొన్న ఆషాఢంలో
వైజాగ్ ప్యాసింజరు దిగి ఒకావిడ వచ్చింది.
ఒక చేతిలో సీలింగు ఫ్యాను, ఇంకో చేతిలో పొడుగు నోటు పుస్తకం.
పేరు సుకాంతి బెహరా,
బిసంకటక్‌లో హాస్టలు పిల్లలకి వండి పెడుతుందట.
బోర్డు ఒడియా వైపు చదివింది, తర్వాత నా మొహం చదివింది.
"మోటారు చిన్నంనాయుడువి నువ్వేనా?"

నా నంబరు చివర తొమ్మిది.
నిరంజన్ ఆరు కొట్టాడు.
ఆ ఆరు ఆవిడది.

మొదట్లో "భుల్ నంబర్" అని పెట్టేసేదట.
కళ్యాణసింగ్‌పూర్ నుంచి ఓ ముసలాయన
నారుమడి ఎండిపోతోందని ఏడ్చాక పెట్టెయ్యలేకపోయింది.
ఒక చేత్తో పప్పు తిప్పుతూ, ఇంకో చేత్తో రాసుకుంది:
పేరు, ఊరు, ఎన్ని హార్స్‌పవర్లు.
రాయగడ వెళ్లండి, ఎవర్నడిగినా చూపిస్తారు, అని చెప్పింది.

ఎనభై ఏడు పేర్లు.
ఒడియా మాట్లాడతాను గాని చదవాలంటే నాకు వేలు కావాలి.
వేలు పెట్టి చదువుకుంటూ పోతుంటే
కొలనార, కాశీపూర్, తెరువలి...
వీళ్లలో సగం మంది నా దగ్గరికి వచ్చినోళ్లే.
ఎవరు చెప్పారయ్యా అంటే "అమ్మ పంపింది" అన్నోళ్లే.
నేను గుడి వైపు తిరిగి దండం పెట్టుకున్నాను,
ప్రతిసారీ.

నంబరు మార్చడం తేలిక కాలేదు.
నిరంజన్ సెంటరు ఎత్తేసి జయపురం పోయాడు.
నా షాపు పేరు అతని పేరు మీద ఉందట, తాళం అతని జేబులో ఉందట.
సొంత ఇల్లనుకున్నది అద్దెదని అప్పుడు తెలిసింది.
మూడు రోజులు వెంటపడి సుహాసిని రాయించుకొచ్చింది.
టైలవాళ్లని పంపించేసింది, నల్లగోడ పెట్టింది.

పది రోజులకి బిసంకటక్ నుంచి ఫోను.
"ఒక్కరూ చెయ్యట్లేదు నాకు.
పొయ్యి దగ్గరున్నా చెవి అటే ఉంటోంది.
నువ్వు అన్నానికెళ్తే ఎత్తేదెవరు?
కింద రెండోదిగా నాది కూడా ఉంచు."

ఉంచాం.

ఫ్యాను మాత్రం ఇంకా నా బల్ల మీదే ఉంది.
తీగ చుట్టాను, వార్నిష్ ఆరింది, తిరుగుతోంది.
డబ్బు తీసుకోనని నేను,
ఊరికే పట్టుకెళ్లనని ఆవిడ.