తెడ్డు

ఘోషాసుపత్రిలో, పుట్టిన మూడోనాడే
పిల్లాడి పేరు చెప్పేశాను.
తెడ్డు.
పక్కమంచం బాలింత నవ్వింది.
కుట్లు లాగితే పొట్ట పట్టుకుని
మళ్ళీ నవ్వింది.

"ఏటే, అంబలి కలిపీ తెడ్డా?"
మా అత్త దేముడమ్మ చేతిలో ఫ్లాస్కు మూత అలాగే ఉండిపోయింది.
"రేపు బళ్ళో గుంటలు వీడితో సాంబారు తిప్పరేటి?"
పైడిరాజు ఏమీ అనలేదు.
ఫోన్‌లో పేర్ల జాబితా పైకీ కిందకీ తోస్తూ
అరగంట తర్వాత అన్నాడు:
"త అక్షరమే కావాలంటే తేజస్ ఉంది కదా."

పెళ్ళికి ముందు నేను తెడ్డు గౌరీశ్వరిని.
బడి హాజరుపట్టీలో టి. గౌరీశ్వరిని.
ఎనిమిదేళ్ళు ఆ ఒక్క 'టి'కే పలికాను.
పెద్దక్క గరికిన వాళ్ళింటికి వెళ్ళింది,
నడిపక్క సూరాడ వాళ్ళింటికి,
నేను మైలపల్లి వాళ్ళింటికి.
ఒకరి తర్వాత ఒకరం ఆధార్ కార్డు మార్పించుకున్నాం.
చివరిదాన్ని నేనే.
బయటికొస్తూ తలుపు వేసిందీ నేనే.

పెద జాలారిపేటలో ఇప్పుడు
ఆ ఇంటిపేరు నాన్న ఒక్కడిది,
రేషన్ కార్డు మీద ఒక్క వరుస.
సముద్రం మీదా లేదు ఆ మాట.
ఫైబర్ పడవల వెనక ఇంజన్లు దగ్గుతుంటాయి.
నాన్న తెడ్డు పెరట్లో
బట్టల తాడుకి ఊతకర్ర.
దాని మీద నా పాత నైటీ ఆరుతుంది.

నాన్న సంతోషిస్తాడనుకున్నాను.
వల కుడుతూ, దారం పళ్ళతో కొరికి,
"ఒద్దమ్మా" అన్నాడు.
"రిత్విక్కో ఏటో, మంచి పేరెట్టు.
మీ ముగ్గుర్నీ ఒడ్డుకి చేర్చడానికే
నా రెట్టలు పోయాయి.
మళ్ళీ గుంటడి చేతిలో అదే పెడతావా?
అయినా అది మన పేరు కాదు."

కాదా?

"మా తాతనాటి మాట.
పేర్లు రాసుకునీ దొరగారి గుమస్తా ఒకడు
ఇసకలో బూట్లు దిగిపోతే తిట్టుకుంటా వచ్చాడంట.
ఇంటిపేరేటని అడిగితే
కెరటాల హోరులో తాతకి ఇనబడ్నేదు.
ఏటీ? అనీసి చెయ్యెత్తాడు.
చేతిలో తెడ్డుంది.
ఆడు రాసీసినాడు.
అంతకు ముందేటో మాకెవరికీ తెల్దు."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.
యారాడ కొండ మీద లైట్‌హౌస్
గోడ మీద ఒకసారి తుడిచి వెళ్ళిపోతోంది,
మళ్ళీ వస్తోంది.
వినబడక ఎత్తిన చెయ్యి అది.
నూరేళ్ళుగా అలాగే ఉంది.
నేను ఇంకొంచెం మొండికేశాను.

ఇరవయ్యొకటో రోజు
పళ్ళెంలో బియ్యం పరిచి
పైడిరాజు చేతికి ఉంగరం ఇచ్చారు.
'తె' బాగానే వచ్చింది.
ద కింద వత్తు మాత్రం గింజల్లో నిలవలేదు.
మూడుసార్లు చదును చేసి మళ్ళీ రాశాడు.
అత్త అటు తిరిగి, చెంగు అడ్డం పెట్టుకుంది,
ఏడుపో నవ్వో నేను చూడలేదు.

రిజిస్ట్రేషన్ ఆఫీసులో
కంప్యూటర్ ముందు కుర్రాడు ఆగాడు.
"ఇంటిపేరు మైలపల్లి అన్నారు.
పేరు దగ్గర మళ్ళీ ఇంటిపేరే చెప్తారేంటమ్మా?"
"అదే పేరు బాబూ."
"మరి పిలిచే పేరు?"
"అదే."
"పూర్తి పేరు?"
వెనక వరుసలో ఎవరో "కానీండమ్మా, ఎండ" అన్నారు.
ఫ్యాన్ గాలికి రసీదులు లేస్తుంటే
స్టేప్లర్ పెట్టి అణిచి, టైపు చేశాడు.

ఒక కాపీ నాన్నకిచ్చాను.
ఆయనకి చదువు రాదు.
సంఘం పుస్తకంలో సంతకానికని నేర్చుకున్న
ఆరు అక్షరాలే వచ్చు.
కాగితాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి,
మైలపల్లి దాటి,
గుండ్రని ముద్ర పక్క నుంచి తిరిగి
ఒకచోట బొటనవేలు ఆనించాడు.
"ఇది నాన్రాసీదే" అన్నాడు.

చాలాసేపు వేలు తియ్యలేదు.
తీశాక, అక్కడ చేపనూనె మరక.

"అయినా" అన్నాడు వల అందుకుంటూ,
"రిత్విక్కే బావుణ్ణు."